మెదడులో క్యాన్సర్ కాని కణితి: ఆపరేషన్ తర్వాత మనిషి ఎలా ఉంటారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అక్కకు 46 ఏళ్లు. ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఎమ్మారై తీస్తే తలలో ఎడమవైపు, ముందుభాగంలో నాలుగు సెంటీమీటర్ల మెనింజియోమా అనే కణితి కనిపించింది. డాక్టరుగారు 'బినైన్, భయపడక్కర్లేదు, తీసేస్తే సరిపోతుంది' అన్నారు. కానీ సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో పక్షవాతం, మాట పోవడం, ప్రాణాపాయం అని వరసగా రాసి ఉంది. ఈ రెండింటిలో ఏది నమ్మాలి, ఆపరేషన్ అయ్యాక అక్క మునుపటిలా ఉంటుందా అన్నది మీ ప్రశ్న.

ఇరవయ్యేళ్లకు పైగా న్యూరోసర్జన్‌గా పనిచేస్తున్నాను. సూటిగా చెప్పాలంటే రెండూ నిజమే. మీ అక్కలాంటి వాళ్లలో ఎక్కువమంది మళ్లీ తమ పనుల్లో పడతారు. అయితే డిశ్చార్జ్ అయిన రోజుకే అలా అయిపోరు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో ముందు చెప్పకపోవడం వల్లే ఇళ్లలో సగం కంగారు. చెప్పకపోవడంలో మా సర్జన్ల తప్పు చాలా ఉంది, నాది కూడా.

ముందు ఆ 'బినైన్' అనే మాట సంగతి. అది కణాల స్వభావం గురించి చెప్పే మాట. ఈ కణాలు నెమ్మదిగా పెరుగుతాయి, మెదడులోకి చొచ్చుకుపోవు, మామూలుగా వేరే అవయవాలకు పాకవు అని దాని అర్థం. అవి ఎక్కడ కూర్చున్నాయో అది చెప్పదు. పుర్రె మూసేసిన పెట్టె. అందులో అదనంగా ఏది పెరిగినా ఇంకొకదాన్ని నొక్కాల్సిందే. ఒకే రకం కణితి, ఒకే గ్రేడ్, తల పైభాగంలో ఎముక కిందే ఉంటే మనిషి వారం లోపు ఇంటికి వెళ్లిపోవచ్చు. అదే కణితి మెదడు కాండం ముందు, మింగడానికీ ముఖానికీ కంటి కదలికకూ సంబంధించిన నరాల మధ్య ఉంటే ఆపరేషనే పన్నెండు గంటలు పట్టొచ్చు, కోలుకోవడానికి ఏడాది పట్టొచ్చు. బయాప్సీ రిపోర్టు మాత్రం ఇద్దరికీ ఒకటే వస్తుంది: గ్రేడ్ 1, అంటే అన్నిటికన్నా నెమ్మదైన రకం.

మెనింజియోమా అన్న పేరు పెట్టింది అమెరికా న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్, 1922లో. మెదడు చుట్టూ ఉండే పొరల నుంచి పుడుతుంది, మెదడులోంచి కాదు. మెదడులోనే మొదలయ్యే కణితుల లెక్కలో చేర్చేవాటిలో మూడో వంతుకు పైగా ఇవే. వీటిలో దాదాపు 80 శాతం గ్రేడ్ 1. ఆడవాళ్లలో రెట్టింపు ఎక్కువ. మీ అక్క కణితి నాలుగు సెంటీమీటర్లకు పెరగడానికి ఏళ్లు పట్టి ఉంటుంది. మెదడు కొద్దికొద్దిగా సర్దుకుంటూ వచ్చింది కాబట్టే ఇన్నాళ్లూ ఏమీ తెలియలేదు. ఆ సర్దుబాటు ఇక చాలదని చెప్పిన మొదటి గుర్తు ఆ ఫిట్స్.

ఫలితాన్ని తేల్చే విషయాలు చాలా ఉన్నాయి గానీ నేను స్కాన్ చూడగానే వెతికేవి కొన్నే. కణితి చుట్టూ మెదడు వాచి ఉందా? ఎమ్మారైలో ఆ వాపు తెల్లగా చేతివేళ్లలా పాకి కనిపిస్తుంది. అది ఎక్కువగా ఉంటే మెదడుకూ కణితికీ మధ్య ఉండాల్సిన సన్నటి నీటిపొర చెరిగిపోయి ఉండొచ్చు, విడదీయడం కష్టమవుతుంది. రెండోది, పెద్ద సిరతో సంబంధం. నడినెత్తి కింద, ముందు నుంచి వెనక్కి ఒక పెద్ద సిర పోతుంది. కణితి దాన్ని అంటుకుని ఉంటే ఎక్కడ అంటుకుందన్నది ముఖ్యం. ముందు మూడో వంతులో అయితే అవసరమైతే దాన్ని కట్టేసినా ఎక్కువమందికి ఇబ్బంది రాదు. మధ్యలోగానీ వెనకగానీ రక్తం పోతున్న సిరను మూస్తే మెదడులో రక్తం నిలిచిపోయి వాపు, రక్తస్రావం, కాలూచేయీ పడిపోవడం దాకా వెళ్తుంది. అక్కడ సిరలోకి దూరిన ముక్కను వదిలేసి బయటికి రావడమే మంచి పని. మూడోది, మనిషి ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికి ఎలా ఉన్నారు. నడుస్తూ మాట్లాడుతూ వచ్చిన మనిషి నడుస్తూ మాట్లాడుతూ వెళ్లే అవకాశం ఎక్కువ. వయసు కన్నా ఒంటి దారుఢ్యం ముఖ్యం. డెబ్బై అయిదేళ్లున్నా చకచకా తిరిగే మనిషిని చూసి నేను అంత భయపడను. యాభై అయిదేళ్లకే షుగరు అదుపు తప్పి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లను చూస్తేనే నాకు రాత్రి నిద్ర పట్టదు.

ప్రాణం సంగతి మీరు సూటిగా అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. ఈ పని తరచూ చేసే చోట, మీ అక్క వయసులో, అందగలిగే చోట ఉన్న గ్రేడ్ 1 మెనింజియోమా ఆపరేషన్లో నెల లోపల ప్రాణం పోయే ప్రమాదం నూటికి ఒకటి రెండుకు మించదు. బాగా పెద్ద వయసు వాళ్లలో, పుర్రె అడుగున ఉన్నవాటిలో ఇంకా ఎక్కువ. 'తరచూ చేసే చోట' అన్నది ఊరికే అనలేదు. ఏడాదికి ఇలాంటివి ఎన్నో చేసే ఆసుపత్రుల్లో ఫలితాలు మెరుగ్గా ఉంటాయని చాలా దేశాల లెక్కలు చూపించాయి. సర్జన్ చేతి నైపుణ్యం ఒక్కటే కాదు, మత్తు డాక్టరు, రాత్రి ఐసీయూలో మెలకువగా ఉండే నర్సు, అర్ధరాత్రి కూడా తీసిపెట్టే స్కాన్, ఇవన్నీ కలిసి పనిచేయాలి.

అందరూ అడిగే ప్రశ్న 'మొత్తం తీసేస్తారా?' అని. ఆ ప్రశ్న మార్చి అడగండి: 'దేన్ని వదిలేయాల్సి రావచ్చు, ఎందుకు?' అని. ఆ ప్రశ్నకు తడుముకోకుండా, స్కాన్ మీద వేలు పెట్టి జవాబు చెప్పే సర్జన్ ఆ కణితి గురించి బాగా ఆలోచించి పెట్టుకున్నట్టే.

మొత్తం తీయడానికి విలువ లేదని కాదు. 1957లో డొనాల్డ్ సింప్సన్ అనే సర్జన్ మెనింజియోమా ఎంతవరకు తీశారన్నదాన్ని అయిదు మెట్లుగా విభజించి, మళ్లీ వచ్చిన వాళ్లను లెక్కపెట్టాడు. కణితిని అది పుట్టిన పొరతో, పట్టిన ఎముకతో సహా తీసినవాళ్లలో 9 శాతం మందికి తిరిగి వచ్చింది. కణితి తీసి పొరను కాల్చి వదిలితే 19, పొరను ముట్టుకోకుండా వదిలితే 29 శాతం. ఎంఆర్ఐ, ఆపరేషన్ మైక్రోస్కోపు లేని రోజుల లెక్క ఇది, ఇప్పటి అంకెలు వేరుగా ఉంటాయి. అయినా మేం ఇప్పటికీ ఆ మెట్ల పేర్లే వాడతాం. మీ అక్క కణితి ఉన్నచోట, పెద్ద సిరను అంటకపోతే, మొదటి మెట్టు అందుకోవడం చాలావరకు సాధ్యమే.

కానీ ఒక తరం సర్జన్లం 'మొత్తం తీయడం' అన్న పట్టుదలతో కొన్నిచోట్ల రోగులకు నష్టం చేశాం. చెవి నరం మీద వచ్చే ష్వానోమా అనే కణితిని చూస్తే అర్థమవుతుంది. అదీ గ్రేడ్ 1. ముఖాన్ని కదిపే నరం దాని పక్కనే పోతుంది. మామూలుగా అది సన్నటి దారంలా ఉంటుంది. కణితి పెద్దదైతే ఆ నరం సాగిసాగి కణితి ఒంటి మీద పలచటి పొరలా పరుచుకుంటుంది. మైక్రోస్కోపులో చూస్తే ఏది నరమో ఏది కణితి తొడుగో తేడా తెలియదు. నరాన్ని తాకినప్పుడల్లా, దాన్ని కనిపెట్టి ఉండే యంత్రం స్పీకరు టపటపమని చప్పుడు చేస్తుంది. చివరికి గోరంత ముక్క మిగులుతుంది. చేయి 'తీసెయ్' అంటుంది. స్పీకరు అరుస్తుంది. అక్కడ ఆగితే రోగి నవ్వినప్పుడు రెండు పెదవులూ సమంగా కదులుతాయి, కన్ను మూతపడుతుంది. ఆగకపోతే స్కాన్ శుభ్రంగా ఉంటుంది, నోరు వంకర పోతుంది. కుర్ర సర్జన్‌గా ఉన్నప్పుడు నేను ఒకటి రెండుసార్లు ఆగలేదు. ఆ స్కాన్లు ఇప్పటికీ చాలా అందంగా ఉంటాయి. ఆ మనుషులు ఫొటో దిగడం మానేశారు.

ఇప్పుడు మిగిలిన ముక్కను స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటాం, పెరిగితే రేడియోసర్జరీ, అంటే కిరణాల వైద్యం, ఇస్తాం. దానికి వాడే మొదటి గామా నైఫ్ యంత్రాన్ని స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1968లో వాడకంలోకి తెచ్చాడు. కత్తి అన్న మాటే గానీ కోత ఉండదు, సన్నటి కిరణాలన్నీ ఒక బిందువులో కలుస్తాయి. అది కణితిని మాయం చేయదు, పెరగకుండా ఆపుతుంది. చిన్న ముక్కలకు, సుమారు మూడు సెంటీమీటర్ల లోపువాటికి బాగా పనిచేస్తుంది. నాలుగు సెంటీమీటర్లు, చుట్టూ వాపు, ఫిట్స్ ఉన్న మీ అక్కకు దాన్నే మొదటి వైద్యంగా నేను చెప్పను.

ఇక ఆపరేషన్ అయిన రాత్రి నుంచి మొదలుపెడతాను.

మొదటి రాత్రి మా భయం ఒక్కటే, కణితి తీసిన చోట రక్తం గడ్డకట్టడం. మళ్లీ తెరవాల్సినంతగా అది జరిగేది నూటికి ఒకరికో ముగ్గురికో. జరిగితే చాలావరకు మొదటి ఆరు గంటల్లోనే బయటపడుతుంది. అందుకే ఐసీయూలో గంటగంటకూ లేపి 'పేరేంటి? ఇది ఏ నెల? రెండు చేతులూ పైకెత్తి పట్టుకోండి' అని విసిగిస్తారు. పాపం పడుకోనివ్వడం లేదని బంధువులు నర్సుల మీద కోప్పడతారు. రెండు చేతులూ చాచి పట్టుకున్నప్పుడు ఒక అరచేయి మెల్లగా లోపలికి తిరుగుతూ కిందికి జారడం, ఆ చిన్న తేడా, స్కాన్ కన్నా ముందే మాకు చెప్పేస్తుంది. నిద్ర చెడితే చెడనివ్వండి, ఆ ఒక్క రాత్రికి.

రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా వాపు పెరుగుతుంది. ముందుభాగంలో కోత పెడితే ఆ పక్క కన్ను పూర్తిగా మూసుకుపోయేంత ఉబ్బి, నల్లబడుతుంది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, ప్రమాదం ఏమీ లేదు, వారంలో దిగిపోతుంది. ఈ రోజుల్లోనే లోపల మెదడు కూడా కొంత వాచుతుంది కాబట్టి మొదటి రోజు బాగా మాట్లాడిన మనిషి మూడో రోజు మాటలు వెతుక్కోవచ్చు.

మీ అక్క కణితి ఎడమవైపు ముందుభాగంలో, నడినెత్తికి దగ్గరగా ఉంటే ఇంకొకటి ముందే తెలుసుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక నడివయసు మనిషికి దాదాపు అక్కడే ఉన్న కణితి తీశాను. సాయంత్రం బాగానే ఉన్నారు. తెల్లారేసరికి కళ్లు తెరిచి చూస్తున్నారు గానీ ఒక్క మాట లేదు. కుడి చేయి, కుడి కాలు కదపడం లేదు. స్కాన్ తీశాం, రక్తం లేదు, ఏమీ లేదు. ఆయన భార్య నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఇది జరగొచ్చని కాగితంలో రాశాను, నోటితో చెప్పలేదు. దీనికి కారణం, కదలికను, మాటను మొదలుపెట్టే ఒక భాగం అక్కడ ఉంటుంది. అది తాత్కాలికంగా మూగబోతుంది. బలం పోదు, మొదలుపెట్టడం పోతుంది. తొమ్మిదో రోజు ఆవిడ ఆయన కళ్లద్దాలు తుడిచి ముక్కు మీద పెట్టింది. 'వంకరగా ఉన్నాయి' అన్నారాయన. అదే మొదటి మాట. రెండు నెలలకు మామూలుగా నడిచి వచ్చారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి మాత్రం చాలాకాలం ఇబ్బంది పడ్డారు, రెండు చేతులూ కలిసి చేసే పని అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. ఈ స్థితి వారాల నుంచి కొన్ని నెలల్లో ఎక్కువమందికి సర్దుకుంటుంది. మీ అక్కకు ఇది వస్తుందని కాదు. వస్తే మీరు పక్షవాతం అనుకుని కుప్పకూలిపోకూడదని చెబుతున్నాను.

ఫిట్స్ సంగతి. మెనింజియోమా ఉన్నవాళ్లలో దాదాపు 30 శాతం మంది మీ అక్కలాగే ఫిట్స్‌తోనే బయటపడతారు. వాళ్లలో సుమారు మూడింట రెండొంతులకు పైగా ఆపరేషన్ తర్వాత ఫిట్స్ ఆగిపోతాయి. అంతకుముందు ఎప్పుడూ రానివాళ్లలో పదిమందికి ఒకరికి కొత్తగా రావచ్చు కూడా. మందు ఎన్నాళ్లు వాడాలన్నది డాక్టరు చెప్పాలి, ఫిట్స్ రావడం లేదు కదా అని సొంతంగా ఆపితే ఆ వారంలోనే మళ్లీ వచ్చి పడిపోయిన వాళ్లను చూశాను. ఇంకో ముఖ్యమైన మాట: ఎక్కువగా ఇచ్చే లెవెటిరాసెటామ్ కొందరిలో విపరీతమైన చిరాకు, కోపం తెస్తుంది. దానికి తోడు వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, షుగరు పెంచుతుంది, మనసును అటూఇటూ ఊపుతుంది. ఇంట్లోవాళ్లు 'ఆపరేషన్‌తో మనిషే మారిపోయింది' అనుకుంటారు. చాలాసార్లు మారింది మనిషి కాదు, మందు. అది చెప్తే మేం మందు మారుస్తాం. మీరు చెప్పకపోతే మాకు తెలియదు, మా ముందు పది నిమిషాలు అందరూ మర్యాదగానే ఉంటారు.

కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు వెళ్లడం మెదడు ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా మెనింజియోమాలో, మామూలు కన్నా ఎక్కువ. అందుకే రెండో రోజే లేపి కూర్చోబెట్టి, నడిపిస్తారు, కాళ్లకు గాలితో నొక్కే తొడుగులు వేస్తారు. పిక్క వాచి నొప్పి పుడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి.

కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ సాధారణంగా మొదటి వారం దాటాక తెలుస్తుంది, ఒక్కోసారి నెల తర్వాత కూడా. ఎర్రబడటం, చీము, జ్వరం, మెడ బిగుసుకోవడం. కుట్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ నీళ్లలాంటి ద్రవం కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. వంగినప్పుడు ముక్కులోంచి టపటపా చుక్కలు పడితే జలుబు అనుకోవద్దు, అదే రోజు చూపించాలి. ఈ రెండింటిలో ఆలస్యం వల్ల వచ్చే నష్టం జబ్బు వల్ల వచ్చేదాని కన్నా ఎక్కువ.

మీ అక్కది పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి) కణితి కాదు. అయినా ఇది చదివేవాళ్లలో ఆ కణితి ఉన్నవాళ్లు ఉంటారు కాబట్టి ఒక సంగతి చెప్పి తీరాలి. అది చాలావరకు ముక్కులోంచి చేసే ఆపరేషన్, తల కోయరు. మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. చూపు మందగించి వచ్చినవాళ్లలో చాలామందికి చూపు మెరుగవుతుంది, కొందరికి మర్నాటికే. అంత సులువుగా అయిపోయిందని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నేను మొదట్లో పనిచేసిన ఒకచోట డిశ్చార్జ్ కాగితం మీద 'నీళ్లు బాగా తాగాలి' అని అచ్చేసి ఉండేది. ఒకావిడ అలాగే తాగింది. ఏడో రోజు కూతురు ఫోన్ చేసింది: అమ్మ మగతగా ఉంది, వాంతి చేసుకుంది, నీరసం అనుకుంటున్నాం అని. ఎవరో 'ఆపరేషన్ అయింది కదా, నీరసం ఉంటుంది' అని చెప్పారు. ఆ రాత్రి ఫిట్స్‌తో తీసుకొచ్చారు, రక్తంలో సోడియం బాగా పడిపోయింది. పిట్యూటరీ వెనకభాగం దెబ్బతిన్నప్పుడు తనలో నిల్వ ఉన్న హార్మోన్‌ను కొన్ని రోజుల తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. దాంతో ఒంట్లో నీరు నిలిచిపోతుంది, సోడియం పలచబడుతుంది. పైనుంచి నీళ్లు తాగితే ఇక చెప్పేదేముంది. ఆవిడ కోలుకుంది. ఆ కాగితం మార్చాం, వారానికల్లా సోడియం పరీక్ష తప్పనిసరి చేశాం. మొదటి రోజుల్లో దీనికి పూర్తిగా ఎదురు కూడా జరగొచ్చు, లీటర్ల కొద్దీ మూత్రం, ఆగని దాహం. ఇవి ఒకదాని వెంట ఒకటి రావచ్చు కాబట్టి తాగే నీళ్లు, పోసే మూత్రం రెండూ రాసి పెట్టుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు రాసిస్తే ఒక్క పూట కూడా మానకూడదు, జ్వరమో వాంతులో వస్తే మోతాదు పెంచాలా అని అడగాలి.

మళ్లీ మీ అక్క దగ్గరికి. ఇంటికొచ్చాక ఏమవుతుందన్నది మా పుస్తకాల్లో తక్కువగా, ఇళ్లలో ఎక్కువగా తెలిసే సంగతి. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు అలసట. మామూలు అలసట కాదు. ఉదయం లేచి, స్నానం చేసి, అరగంట ఎవరితోనో మాట్లాడితే మధ్యాహ్నం దాకా పడుకోవాల్సి వస్తుంది. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే తట్టుకోలేరు. టీవీ శబ్దం భరించలేరు. మొదటి ఆరు వారాలు ఇది దాదాపు అందరికీ ఉంటుంది, మూడు నెలలకు చాలామందికి తగ్గుముఖం పడుతుంది, కొందరికి ఏడాది దాకా మిగులుతుంది. చూడొచ్చే బంధువులను గుంపుగా రానివ్వకండి.

కణత దగ్గరి కండరం కోయాల్సి వస్తే నోరు పూర్తిగా తెరుచుకోదు, నమిలితే నొప్పి. నోటి వ్యాయామం చెప్తారు, చేయించండి. కోత వెనక నెత్తి మొద్దుబారి ఉంటుంది, కొంత ఎప్పటికీ అలాగే ఉండొచ్చు. తల తిప్పినప్పుడు లోపల టక్కుమనడం, నీళ్లు కదిలినట్టు అనిపించడం మొదటి వారాల్లో మామూలే. దీని గురించి అర్ధరాత్రి నాకు వచ్చిన ఫోన్లకు లెక్కలేదు.

ముందుభాగం కణితుల్లో ఇంకా సున్నితమైనది ఒకటుంది. ఆలోచనలో చురుకు, పని మొదలుపెట్టే ఉత్సాహం, నాలుగు పనులు ఒకదాని తర్వాత ఒకటి సర్దుకోవడం, ఇవన్నీ ఆ ప్రాంతానివే. కణితి నొక్కుతూ ఉండటం వల్ల ఆపరేషన్‌కు ముందే ఇవి కొంత తగ్గి ఉంటాయి, ఇంట్లోవాళ్లు 'ఈమధ్య బద్ధకం ఎక్కువైంది' అనుకుని ఉంటారు. తీశాక చాలామందిలో మెరుగవుతాయి, కానీ అందరిలో పూర్తిగా కాదు. మేం ఫలితాన్ని కొలిచే స్కేళ్లు నడుస్తున్నారా, సొంత పనులు చేసుకుంటున్నారా అని అడుగుతాయి. లెక్కలు చూసే ఉద్యోగం చేసే మనిషి ఇప్పుడు అదే పనికి రెట్టింపు సమయం తీసుకుంటోందా అని అడగవు. మా రిజిస్టరులో ఆవిడ 'పూర్తిగా కోలుకున్నారు' అని ఉంటుంది. ఆవిడను అడిగితే వేరే మాట చెబుతుంది. అందుకే వీలుంటే ఆపరేషన్‌కు ముందే ఒకసారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయించమని అడగండి. ఆరు నెలల తర్వాత పోల్చి చూడటానికి ముందటి కొలత లేకపోతే అంతా ఊహాగానమే. ఆఫీసు పనికి మూడు నెలలకు ముందు తొందరపడొద్దు, మొదట సగం రోజులతో మొదలుపెట్టడం మంచిది. బండి నడపడం మాత్రం ఫిట్స్ వచ్చిన మనిషి కాబట్టి అక్కడి చట్టం, డాక్టరు ఒప్పుకునేదాకా వద్దు.

దిగులు కూడా వస్తుంది. ప్రమాదం తప్పింది కదా, ఇంకా ఎందుకు ఏడుస్తున్నావు అనే మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి. కొందరికి దీనికి మందు కావాలి, అందులో సిగ్గు పడేదేం లేదు.

బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా గ్రేడ్ 1 అన్నది మా అంచనా మాత్రమే. స్కాన్ చూసి చెప్పిన అంచనా ఎక్కువసార్లు నిజమవుతుంది, కొన్నిసార్లు గ్రేడ్ 2 అని వస్తుంది. 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కణం రూపంతో పాటు కొన్ని జన్యు మార్పులు కూడా చూస్తున్నారు. చూడ్డానికి సాధువుగా ఉన్నా ఆ మార్పులుంటే పై గ్రేడులో వేస్తారు. గ్రేడ్ 2 అయితే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, రేడియేషన్ గురించి మాట్లాడాల్సి వస్తుంది. అది వచ్చినా క్యాన్సర్ అయిపోయిందని కుంగిపోనక్కర్లేదు, కాపలా గట్టిగా ఉండాలంతే. గ్రేడ్ 1 అయి మొత్తం తీశారనుకుంటే మూడు నెలలకు ఒక ఎమ్మారై, తర్వాత అయిదేళ్ల దాకా ఏడాదికొకటి, ఆపైన రెండేళ్లకొకటి. బాగానే ఉన్నాను కదా అని నాలుగో ఏడు మానేసేవాళ్లే ఎక్కువ. తిరిగి వచ్చేది కూడా మొదటిసారి లాగే చప్పుడు చేయకుండా వస్తుంది, చిన్నగా ఉన్నప్పుడే దొరికితే కిరణాలతో ఆపొచ్చు.

ఒక చిన్న పక్కమాట. మీ అక్క హార్మోన్ మందులు ఏవైనా ఏళ్ల తరబడి వాడుతుంటే సర్జన్‌కు చెప్పండి. సైప్రొటెరోన్ అనే హార్మోన్ మందు ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడినవాళ్లలో మెనింజియోమాలు ఎక్కువ వచ్చాయని తేలి, 2020లో యూరప్‌లో దాని వాడకాన్ని కట్టడి చేశారు. మందు ఆపితే కుంచించుకుపోయిన కణితులు కూడా ఉన్నాయి. గర్భనిరోధకంగా ఇచ్చే మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ ఇంజెక్షన్ మీద కూడా ఇలాంటి అనుమానమే ఉంది.

ఆపరేషన్ వాయిదా వేయొచ్చా అని ఆలోచిస్తున్నారేమో. ఏ లక్షణమూ లేకుండా వేరే కారణానికి తీసిన స్కాన్‌లో కనపడ్డ రెండు సెంటీమీటర్ల మెనింజియోమా అయితే నేనే 'ఊరుకోండి, ఆరు నెలలకు చూద్దాం' అనేవాణ్ణి. వాటిలో చాలావరకు ఎప్పటికీ కత్తి చూడవు. మీ అక్కది అలా కాదు. ఫిట్స్ వచ్చాయి, సైజు ఉంది, వయసు ఉంది, ఇంకా పెరగడానికి ముందు ముప్ఫై నలభై ఏళ్లు ఉన్నాయి. నేనైతే ఆపరేషన్ చేయించుకోమనే చెప్తాను. రేపే అని కాదు, రెండు మూడు వారాలు తీసుకుని ఇంకొకరి అభిప్రాయం కూడా అడగండి. అలా అడిగితే కోప్పడే సర్జన్ అయితే అది కూడా మీకు తెలిసినట్టే.

వెళ్లేటప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. పెద్ద సిరకు తగిలి ఉందా? మాట, చేయి, కాలు కేంద్రాలు ఎంత దూరంలో ఉన్నాయి? ఏ ముక్కను వదిలే అవకాశం ఉంది? ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు, మీ సొంత రోగుల్లో ఎంతమందికి ఏం జరిగింది? రాత్రి ఏదైనా అయితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఎత్తేదెవరు? నా అనుభవంలో చివరి ప్రశ్న అడిగేవాళ్లు వందలో ఒకరు కూడా ఉండరు.

ఇంటికి వచ్చాక తలనొప్పి రోజురోజుకూ పెరగడం, మగత, కొత్తగా చేయి కాలు బలహీనపడటం, మాట తడబడటం, ఫిట్స్, జ్వరం, ద్రవం కారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

చివరగా, ఆపరేషన్‌కు ముందు తీసిన ఆ మొదటి ఎమ్మారై సీడీని, మూడో నెలది, రెండింటినీ జాగ్రత్తగా దాచండి. రిపోర్టు కాగితం కాదు, బొమ్మలున్న సీడీ. ఏడేళ్ల తర్వాత స్కాన్‌లో అక్కడేదో తెల్లగా కనపడితే, అది మచ్చా కణితా అని తేల్చడానికి ఎవరైనా అడిగేది ఆ పాత బొమ్మలే.